మగ్గముపై పన్ను, లాభముపై పన్ను

ఇంట కూర్చుండి చేసికొను పనికి పన్నేమిటని పలువురు మమ్ము ప్రశ్నించుచున్నారు. ఆవకాయ పెట్టి అమ్ము గృహిణియు, కుట్టుయంత్రముతో సంసారమీడ్చు వితంతువును, వసారాలో పాఠములు చెప్పు పట్టభద్రుడును అడుగునది ఇదియే. ప్రశ్న క్రొత్తది కాదు. మన సాలెవారు కుంపిణీ కాలముననే దీని నడిగియుండిరి.

నాడు చెన్నపట్టణపు రాజధానిలో మోతర్ఫా యను పన్నొకటి యుండెను. నేతగాని యింటికి పోయి మగ్గములు లెక్కించి, మగ్గమునకింత యని విధించెడివారు. ఆ యేడు వానికి నూలు దొరకెనా, నేసిన బట్ట అమ్ముడు పోయెనా యను విచారణ లేదు. వడ్రంగికిని, కంసాలికిని, చిల్లర వర్తకునకును ఇదే గతి. ఆంగ్లదేశపు మరగుడ్డ చౌకగా దిగి సాలెవాని నోటి కూడు తీయుచున్న దినములవి. 1852 లో గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషనువారు పార్లమెంటునకు పంపిన మహజరులో ఈ పన్నును గూర్చియు మొరపెట్టిరి. 1860 లో జేమ్సు విల్సను ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. సాలుకు 200 రూపాయలకు లోబడిన ఆదాయమును విడిచిపెట్టెను. మోతర్ఫా ఆ దశకారంభముననే అంతరించెను. పరప్రభుత్వపు పన్నును మేము మెచ్చుకొనుట లేదు. అయినను పనిముట్టును విడిచి లాభమును చూచుట న్యాయమునకు దగ్గరి త్రోవ యనక తప్పదు.

ఈ భేదమునే నేటి గృహపరిశ్రమలవారు మరచుచున్నారు. సాలుకు ఆరు లక్షల పచ్చళ్లమ్మిన యిల్లాలు, ఆరు లక్షలును తన ఆదాయమేయని భయపడి లెక్కయే వ్రాయదు. కాయకు, నూనెకు, కారమునకు, సీసాలకు, రవాణాకు నాలుగున్నర లక్షలు పోయినచో ఆమె ఆదాయము లక్షన్నర మాత్రమే. వేరు రాబడి లేనివారికి అంత స్వల్పాదాయముపై పన్నే యుండదు. కాని ఆ నాలుగున్నర లక్షలకు చీటీలు కావలెను. ఇంటి వెచ్చమును వ్యాపారపు సొమ్మును ఒకే డబ్బాలో వేయు అలవాటు మొదట పోవలెను. పూర్తి లెక్కలు వ్రాయజాలని చిన్న వ్యాపారులకు చట్టమొక సులభమార్గము చూపినది: అమ్మకము రెండు కోట్లకు లోబడియున్నచో అందు నూటికి 8 వంతులను, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 వంతులను లాభముగా చూపవచ్చును.

2017 లో వచ్చిన వస్తుసేవల పన్ను దారి వేరు. అది లాభమును చూడదు, అమ్మకమునే చూచును. సరుకులమ్ము వారికి ఆంధ్రప్రదేశమున 40 లక్షల వరకు, తెలంగాణమున 20 లక్షల వరకు నమోదు అక్కరలేదు. అప్పడములకు ఈ పన్నే లేదు, పచ్చడికి గలదు. ఇంతవరకు బాగుగనే యున్నది.

చిక్కంతయు సరిహద్దు వద్ద. పన్నుగల సరుకును పొరుగు రాష్ట్రమునకు అమ్మినచో ఈ పరిమితి రక్షింపదు. మొదటి సీసాకే నమోదు కావలెను. 2014 వరకు బెజవాడయు హైదరాబాదును ఒకే రాష్ట్రము. నేడు బెజవాడ ఇల్లాలు హైదరాబాదులోని గిరాకీకి పది సీసాలు పంపినచో అది అంతర్రాష్ట్ర వ్యాపారము! వసారాలోని ఉపాధ్యాయుడు పొరుగు రాష్ట్రపు పిల్లలకు పాఠము చెప్పినను అతనికి 20 లక్షల పరిమితి వర్తించును. హస్తకళా వస్తువులకును ఇట్టి మినహాయింపు గలదు. పచ్చడి జాడీ చేసిన పాపమేమి? పది సీసాల కొరకు లెక్కలు దాఖలు చేయుట, లెక్కల గుమాస్తాకు రుసుము చెల్లించుట, ఆమె లాభమును చూడక చేతిలోని గరిటెను లెక్కించుటయే. ఇందు మాకు మోతర్ఫా వాసన తగులుచున్నది.

ఉభయ రాష్ట్రముల ఆర్థిక మంత్రులును వస్తుసేవల పన్ను మండలిలో కూర్చుండువారే. వర్తక సంఘములవారును, మహిళా సంఘములవారును కలిసి, హస్తకళలకిచ్చిన మినహాయింపునే ఇంటివంటకును ఇమ్మని వారికొక మహజరు పంపవలెనని మేము కోరుచున్నాము.