చదివేవారే దారి ఎంచుకునే కథ: మేము రాసిన తీరు



గత వేసవి సెలవుల్లో బాల్కొండలోని మా ఇంట్లో కూర్చొని మేమిద్దరం అన్నదమ్ములం కంప్యూటర్‌లో ఒక కథ తయారుచేశాం. దానిని విజువల్ నావెల్ అంటారు. మనం బొమ్మల నవల అనుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేకుండా ఎవరైనా దీనిని చేయవచ్చు. ఆ సంగతి చెప్పడానికీ, మేము చేసిన ఒక పెద్ద పొరపాటు మీరు చేయకూడదని చెప్పడానికీ ఈ వ్యాసం రాస్తున్నాం.

విజువల్ నావెల్ అంటే ఏమిటి?

ఇది జపాన్‌లో పెరిగిన ప్రక్రియ. తెర మీద ఒక దృశ్యం, దాని ముందు పాత్రల బొమ్మలు, కింద ఒక పెట్టెలో మాటలు ఉంటాయి. నొక్కిన కొద్దీ కథ ముందుకు సాగుతుంది. మధ్యమధ్యలో "ఇప్పుడేం చేద్దాం?" అనే ప్రశ్న వస్తుంది. రెండు మూడు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. దానిని బట్టి కథ మలుపు తిరుగుతుంది.

వీటిని పెద్ద కంపెనీలే చేయాలని లేదు. వివిధ దేశాల ఔత్సాహికులు కొందరు ఇంటర్నెట్ ద్వారా కలిసి, ఏళ్ల తరబడి శ్రమించి, 'కటావా షోజో' అనే విజువల్ నావెల్‌ను 2012 జనవరిలో ఉచితంగా విడుదల చేశారు. అందులోని కథ వైకల్యం ఉన్న విద్యార్థుల పాఠశాలలో జరుగుతుంది. అది పెద్దల కోసం చేసినది కనుక పిల్లలకు పనికిరాదు. దానికి వాడిన సాఫ్ట్‌వేర్ పేరు 'రెన్‌పై'. 2004లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌నే మేమూ వాడాం.

పని ఎలా జరుగుతుంది?

కథను నోట్‌ప్యాడ్‌లో రాసినట్లే టైపు చేయాలి. ప్రతి ఘట్టానికి ఒక పేరు పెట్టాలి, అది 'లేబుల్'. జవాబులు చూపించేది 'మెనూ'. ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టానికి పోవడం 'జంప్'. ఈ మూడూ అర్థమైతే సగం పని అయినట్లే.

మొదటిసారి నడిపినప్పుడు తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించాయి. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఫాంట్‌లో తెలుగు లేకపోవడమే కారణం. 'మండలి' అనే ఉచిత తెలుగు ఫాంట్‌ను ఫోల్డర్‌లో పెట్టాక సరిపోయింది. పాత వెర్షన్లలో ఒత్తులు సరిగా కలవవు. కొత్తదే తీసుకోండి.

ఇంకో చిక్కు ఉంది. పది చోట్ల రెండేసి జవాబులు ఇచ్చి, దారులను ఎక్కడా కలపకపోతే 1,024 ముగింపులు రాయాలి. అందుకే దారిని చీల్చి, కొంతదూరం పోయాక మళ్లీ కలపాలి. ఎంచుకున్న సంగతి గుర్తుండడానికి 'వేరియబుల్' అనే లెక్క పెట్టుకోవాలి. మా కథలో రెండు లెక్కలు ఉన్నాయి: పైసలు, రోజులు. పనికి పోతే పైసలు పెరుగుతాయి, కానీ రోజులు తరుగుతాయి.

మా కథ

మా బాపు పసుపు పనికి పోయేవాడు. తవ్విన పసుపును ఉడకబెట్టి, ఎండబోసి, పాలిష్ పట్టాకే నిజామాబాద్ యార్డుకు తీసుకుపోతారు. ఆ రెండు మూడు నెలలే మా ఇంటికి సంవత్సరపు ఆదాయం. నడుము నొప్పికి బాపు మందుల షాపులో గోళీలు కొని మింగేవాడు. నొప్పి గోళీలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. బీపీ, షుగర్ కూడా కారణం కావచ్చు. బాపు విషయంలో ఏది కారణమో డాక్టర్లు తేల్చి చెప్పలేదు.

2018లో బాపు కాళ్లు వాచాయి. "పసుపు పని అయిపోనీ, పోదాం" అన్నాడు. మేము హాస్టల్‌లో పదో తరగతి పరీక్షలకు చదువుతున్నామని మాకు చెప్పనివ్వలేదు. దవాఖానకు పోయేసరికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి తెలియనివ్వదు.

డయాలసిస్‌లో రక్తాన్ని యంత్రం ద్వారా వడగట్టి తిరిగి ఎక్కిస్తారు. ఒక్కోసారి సుమారు 4 గంటలు పడుతుంది. వారానికి రెండు మూడుసార్లు పోవాలి. ఆరోగ్యశ్రీ ఉంది కనుక దానికి మేము డబ్బు కట్టలేదు. కానీ బస్సు కిరాయి, బయట తిండి, కొన్ని మందులు, బాపుకూ వెంట పోయిన అమ్మకూ పోయిన కూలి, ఇవి ఏ కార్డులోనూ లేవు. కథలో పైసల లెక్కకు ఈ ఖర్చులనే తీసుకున్నాం. 2020లో బాపు చనిపోయాడు.

మేము చేసిన పొరపాటు

మొదటి ప్రతిలో మొదటి ప్రశ్న ఇది: కాళ్లు వాచాయి. ఇప్పుడే దవాఖానకు పోదామా, పసుపు అయ్యాక పోదామా? మొదటిది ఎంచుకుంటే బాపు బతుకుతాడు. రెండోది ఎంచుకుంటే చనిపోతాడు. కథలో నీతి కూడా ఉందని సంబరపడ్డాం.

అమ్మకు చదువు రాదు. తమ్ముడు చదివి వినిపిస్తుంటే అమ్మ జవాబులు చెప్పింది. మొదటి ప్రశ్నకు రెండో జవాబే చెప్పింది, ఎందుకంటే జరిగింది అదే. చివరికి తెర మీద బాపు బొమ్మ పోయింది. అమ్మ కొంచెంసేపు ఊరుకొని, "అయితే ఆ దినం నేను పట్టుబట్టి తోల్కపోతే మనిషి దక్కుతుండెనా బిడ్డా?" అని అడిగింది. మేము ఏమీ చెప్పలేకపోయాం.

తెర మీద రెండు జవాబులు పెట్టగానే, జరిగినదానికి బాధ్యత ఎంచుకున్నవారి మీద పడుతుంది. కానీ ఆ రోజు మా ఇంట్లో నిజంగా రెండు దారులు లేవు. పనికి రాకపోతే బాపు బదులు వేరే మనిషిని పెట్టుకుంటారు. కాళ్ల వాపు కిడ్నీ జబ్బుకు గుర్తు కావచ్చని మాకు చెప్పినవారు లేరు. మేము పేదరికం గురించి రాస్తున్నామనుకుంటూ అమ్మ మీద నేరం మోపాం.

అప్పుడు మరొక ఆట సంగతి తెలుసుకున్నాం. అమెరికాకు చెందిన ర్యాన్, ఏమీ గ్రీన్ దంపతులు, క్యాన్సర్‌తో 2014లో చనిపోయిన తమ చిన్న కొడుకు జోయెల్ గురించి 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అనే ఆటను తయారుచేశారు. అది 2016లో విడుదలైంది. ఆడేవారు ఏం చేసినా అందులో పిల్లవాడు బతకడు. పక్కన ఉండటమే వారు చేయగలిగింది.

మేము కథ మార్చాం. ఇప్పుడు "దవాఖానకు పోదాం" అనే జవాబు తెర మీద కనిపిస్తుంది, కానీ నొక్కితే పడదు. ఎందుకు పడదో పక్కనే ఉంటుంది: చేతిలో 140 రూపాయలు. ముగింపు ఒక్కటే ఉంచాం. ఎంచుకునేదాన్ని బట్టి బాపుతో మాట్లాడే మాటలు మాత్రం మారతాయి.

చివర ఒక పేజీ చేర్చాం. కాళ్లు, ముఖం వాస్తే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించాలని, ఆరోగ్యశ్రీ దవాఖానలో ముందు ఆరోగ్యమిత్రను అడగాలని రాశాం. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. నియమాలు మారుతుంటాయి కనుక ప్రతి సంగతి పక్కన సంవత్సరం వేశాం. మీరూ అలాగే వేయండి.

అమ్మకు మళ్లీ వినిపించాం. ఈసారి ఆ ప్రశ్న అడగలేదు. "మీ బాపు గట్ల మాట్లాడకపోతుండె. 'నాకేమైతది' అంటుండె" అని మాటలు దిద్దింది. దిద్దినట్లే రాశాం.

తమ్ముళ్లారా, మన ఇళ్లలో ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. రాయండి. రాశాక ముందుగా, ఆ కష్టం పడినవారికి వినిపించండి. మా కథ ప్రతిని హాస్టల్ కంప్యూటర్‌లో పెట్టాం. చూసి తప్పులు చెప్పగలరు.