పైథాన్ భాషలో వరుస తప్పని వంతు

తమిళనాట నేను తెలుగు చెప్పు తరగతిలో పిల్లలు కొలదిమందియే. వారిలో పలువురకు తెలుగు చదువుట బడిలోనే గాని యింట లేదు. కావున వాచకము బిగ్గరగా చదువుటకు ప్రతివారికిని వంతు రావలెను. ఈ వంతులకై కంప్యూటరుపై పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసితిని. అందు దొరలిన నా పొరపాటును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

గైడో వాన్ రాసమ్ 1991లో వెలువరించిన ఈ భాషలో జాబితాకు లిస్టు అని పేరు. అందలి అంశములు మనము చేర్చిన క్రమముననే యుండును. స్థానముల లెక్క సున్నతో మొదలగును. అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ అను జాబితాలో 'అమ్మ' స్థానము 0. 'ఈగ' స్థానము 3. 'ఫర్' అను ఆజ్ఞ వీనిని వరుసగా నందించును.

చదివినవారి పేరు మరల రాకుండుటకై, పిలిచిన వెంటనే దానిని 'రిమూవ్' ఆజ్ఞతో తొలగించితిని. తప్పు అచటనే జరిగినది. 'అమ్మ' తొలగగానే 'ఆవు' జరిగి 0వ స్థానమునకు వచ్చును. ఫర్ మాత్రము 1వ స్థానమునకు పోయి 'ఇల్లు'ను గ్రహించును. దానిని తొలగించుటతో మిగిలినవి రెండే. 2వ స్థానము లేదు గనుక పని ముగియును. 'ఆవు', 'ఈగ' పిలుపు లేకయే మిగులును. యంత్రము ఏ దోషమును చూపదు. ఒక బాలిక "అయ్యా, నా పేరు రాలేదు" అని యడుగువరకు నాకును తెలియలేదు.

కావున జాబితాను కదల్పక, స్థానమును మాత్రము వేరుగా గుర్తుంచుకొనవలెను. ఒక వంతు ముగియగానే స్థానమునకు 1 కూడి, మొత్తమును అంశముల సంఖ్యచే భాగింపగా వచ్చు శేషమే తరువాతి స్థానము. 3కు 1 కూడిన 4. దానిని 4చే భాగింప శేషము 0. మరల 'అమ్మ' వంతు. ఇటర్‌టూల్స్ అను ఉపకరణముల సముదాయములోని 'సైకిల్' కూడ ఇట్లే జాబితాను చక్రమువలె త్రిప్పును.

ఇంకొక జాగ్రత్త కలదు. ప్రోగ్రామును ఆపినచో అది స్థానమును మరచును. మరునాడు మొదటివారే మరల చదువుదురు. చివరివారు వేచియే యుందురు. అందుచే నాటి స్థానమును ఒక ఫైలులో వ్రాసి యుంచి, మరునాడు అచటినుండియే సాగింపవలెను. నేడు మా తరగతిలో అట్లే చేయుచున్నాము. మొన్న తొలి పిలుపు ఆ బాలికదే.