పాత కారులో కొత్త ఇగ్నిషన్ మాడ్యూల్ పదేపదే ఎందుకు కాలిపోతుంది?

ఇంట్లో తాతల నాటి అంబాసిడర్ ఉంది. అస్తమానం పాయింట్లు సరిచేయించే అవస్థ తప్పుతుందని దానికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చారు. కొన్ని వారాలు బండి హాయిగా నడిచింది. ఒకనాడు నడిరోడ్డుపై, ఏ హెచ్చరికా లేకుండా ఇంజన్ ఆగిపోయింది. మాడ్యూల్ పోయిందని మెకానిక్ తేల్చి, కొత్తది వేశాడు. నెల తిరగకముందే అదీ పోయింది. ఇప్పుడు మూడోది కొనాలా, పాత పాయింట్లకే తిరిగి వెళ్లాలా? పాత కార్లను మక్కువతో కాపాడుకునే వారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. రైల్వే గేటు మధ్యలోనో, ఘాట్ రోడ్డు మలుపులోనో బండి ఆగిపోతే అది ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

ఒక మాడ్యూల్ పోతే అది నాసిరకమని అనుకోవచ్చు. వరుసగా రెండు పోతే, వాటిని కాల్చివేస్తున్న కారణం కారులోనే ఉందని అనుమానించడం సమంజసం. ఆ కారణాన్ని కనుగొనకుండా మూడోది అమర్చడం, ఫ్యూజు ఎందుకు పోతోందో చూడకుండా కొత్త తీగ చుట్టడం వంటిదే.

పాయింట్లు ఓర్చుకునేవి, మాడ్యూల్ ఓర్చుకోదు

1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్‌లలో పాత పెట్రోలు నమూనాలన్నీ, ముంబయిలో తయారైన ప్రీమియర్ పద్మిని కూడా పాయింట్ల ఇగ్నిషన్‌తోనే నడిచాయి. అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ 20వ శతాబ్దం తొలినాళ్లలో రూపొందించిన పద్ధతి ఇది. బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్తు కాయిల్ గుండా ప్రవహిస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు తెరుచుకోగానే ఆ ప్రవాహం తెగిపోతుంది. ఆ క్షణంలో కాయిల్‌లో వేల వోల్టుల పీడనం పుట్టి, స్పార్క్ ప్లగ్ వద్ద నిప్పురవ్వగా మారుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇది సెకనుకు 100 సార్లు జరుగుతుంది.

ఇంత పని చేసే పాయింట్లు క్రమంగా అరిగిపోతాయి. వాటి స్థానంలో అమర్చే ఎలక్ట్రానిక్ పరికరంలో ట్రాన్సిస్టర్ స్విచ్ ఆ పని చేస్తుంది. అరుగుదల ఉండదు, స్పార్క్ స్థిరంగా ఉంటుంది. అయితే ఒక తేడా ఉంది. పాయింట్లు మొరటు లోహపు ముక్కలు. కాస్త ఎక్కువ కరెంటునూ, వేడినీ భరిస్తాయి. పాడయ్యేటప్పుడు కూడా ఇంజన్ తడబాటుతో ముందుగానే హెచ్చరిస్తాయి. ట్రాన్సిస్టర్ తన పరిమితి దాటితే ఒక్కసారిగా పోతుంది. ఏళ్ల తరబడి పాయింట్లు మౌనంగా భరించిన వైరింగ్ లోపాలు మాడ్యూల్ వేసిన తరువాతనే బయటపడేది అందుకే.

నిజంగా మాడ్యూలే పోయిందా?

ముందుగా తేల్చుకోవలసింది ఇదే. అరగంట నడిచాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండిలో లోపం మాడ్యూల్‌ది కావచ్చు, కాయిల్‌ది కావచ్చు. ఎండాకాలంలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ప్రవాహం నిలిచిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. బండి ఆగిన వెంటనే, చల్లారక ముందే స్పార్క్ వస్తోందో లేదో చూడాలి. ఒక అదనపు ప్లగ్‌ను వైరుకు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజన్‌కు గట్టిగా ఆనించి బిగించి, సెల్ఫ్ తిప్పించి పరీక్షించడం సురక్షితం. దగ్గరలో పెట్రోలు ఆవిరి ఉండకూడదు. స్పార్క్ బాగా వస్తుంటే ఇంధనం వైపు వెతకాలి.

మొదటి అనుమానం కాయిల్‌పై

మాడ్యూళ్లను ఎక్కువగా బలిగొనేది సరిపడని కాయిల్. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో సుమారు 14 వోల్టులు ఉంటాయి. కాయిల్ నిరోధం 3 ఓములైతే దాని గుండా గరిష్ఠంగా 4.7 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 1.5 ఓములైతే అది 9.3 ఆంపియర్లకు చేరుతుంది. ఈ తేడా పైకి కనిపించదు, రెండు కాయిళ్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

1.5 ఓముల కాయిల్‌ను సాధారణంగా బ్యాలస్ట్ రెసిస్టర్ అనే అదనపు నిరోధంతో కలిపి వాడతారు. ఎప్పుడో జరిగిన మరమ్మతులో ఆ రెసిస్టర్‌ను తప్పించి నేరుగా వైరు కలిపి ఉండవచ్చు. అందుకే ఇగ్నిషన్ ఆపి, కాయిల్ వైర్లు విప్పి, దాని రెండు చిన్న టెర్మినళ్ల మధ్య నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలవాలి. మాడ్యూల్‌తో వచ్చిన సూచన పత్రంలోని కనీస విలువ కంటే తక్కువ వస్తే, కాయిల్ మార్చకుండా కొత్త మాడ్యూల్ వేయకూడదు.

ఎర్త్, వేడి, వోల్టేజీ

రెండో అనుమానం ఎర్త్‌పై. చాలా మాడ్యూళ్లకు డిస్ట్రిబ్యూటర్ లోపలి పళ్లెం ద్వారానే ఎర్త్ అందుతుంది. ఆ పళ్లేన్ని డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే సన్నని వైరు ఏళ్ల కదలికలతో లోపలే తెగిపోతుంది. పైపూత చెక్కుచెదరకపోవడంతో తెగిన సంగతి కనిపించదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి పళ్లేనికీ, బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ కొలవాలి. 0.2 వోల్టులకు మించితే ఆ దారిలోని ప్రతి కలయికనూ శుభ్రం చేసి బిగించాలి. 1960ల నాటి కొన్ని బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్‌నే ఎర్త్‌గా కలిపేవారు. అటువంటి బండికి మామూలు మాడ్యూల్ తగిలిస్తే క్షణంలో కాలిపోతుంది.

మూడోది వేడి. ఇంజన్ ఆపి, తాళాన్ని ఇగ్నిషన్ స్థానంలోనే ఉంచి రేడియో వినడం చాలామందికి అలవాటు. సాధారణ మాడ్యూళ్లలో ఆ సమయమంతా కాయిల్ గుండా కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నప్పటి విరామాలు అప్పుడు ఉండవు. కాసేపటికే కాయిల్, మాడ్యూల్ రెండూ కాగిపోతాయి. వేడిని బయటికి పంపే పేస్టు పూయమని తయారీదారు సూచించిన చోట దాన్ని పూయకపోవడం కూడా ఇదే నష్టానికి దారితీస్తుంది.

నాలుగోది వోల్టేజీ హెచ్చుతగ్గులు. ఇంజన్ వేగం పెంచినప్పుడు బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు ఉండటం సాధారణం. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. ఆల్టర్నేటర్ పరీక్ష పేరుతో నడుస్తున్న ఇంజన్‌కు బ్యాటరీ వైరు తీయడం పాత అలవాటు. ఆ ఒక్క క్షణంలో ఎగిసే వోల్టేజీ మాడ్యూల్‌ను నాశనం చేయగలదు. వదులైన బ్యాటరీ క్లాంపు ప్రయాణంలో ఇదే పని చేస్తుంది.

ఐదోది ప్లగ్ వైర్లు. ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూడటానికి నడుస్తున్న ఇంజన్‌లో ఒక్కో వైరూ ఊడదీయడం పాయింట్ల కాలంలో చెల్లింది. ఇప్పుడు స్పార్క్‌కు దారి దొరకకపోతే ఆ అధిక వోల్టేజీ తాకిడి మాడ్యూల్‌పై పడుతుంది. నిరోధం లేని పాత రాగి వైర్లు సెన్సార్‌కు విద్యుత్ అలజడి కలిగిస్తాయి. మాడ్యూల్‌కు తగిన నిరోధక వైర్లు వేయడం మేలు.

కొత్తది బిగించే ముందు

ఈ పరీక్షలన్నింటికీ ఒక సాధారణ మల్టీమీటర్, ఒక పూట సమయం చాలు. కాయిల్ నిరోధం, ఎర్త్, ఛార్జింగ్ వోల్టేజీ, ప్లగ్ వైర్లు అనే క్రమంలో చూసి, కొలతలను కాగితంపై రాసి పెట్టుకుంటే మెకానిక్‌కు కూడా దారి దొరుకుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును చేత్తో పక్కకు కదిపి చూడటం మరచిపోకూడదు. బుష్ అరిగి షాఫ్టు ఊగుతుంటే, తిరిగే అయస్కాంతపు ఉంగరం సెన్సార్‌ను రాసుకుని దెబ్బతీస్తుంది.

కారణం దొరికి సరిచేశాక అమర్చిన మాడ్యూల్ ఏళ్ల తరబడి పనిచేయగలదు. అయినా విప్పిన పాయింట్లనూ, కండెన్సర్‌నూ పారవేయకుండా ఒక స్క్రూడ్రైవర్‌తో పాటు డిక్కీలో ఉంచుకోవడం వివేకం. దారిలో మాడ్యూల్ మొరాయిస్తే, బండిని ఇంటికి చేర్చేది ఆ పాత సామానే.