ఇంట్లో బడి... బయట ఉద్యోగం: రెండూ నడపగలరా?

‘ఏమ్మా, పిల్లోణ్ని బడి మాన్పించేశావంటనే?’

మార్కాపురంలోనో, గిద్దలూరులోనో ‘మా వాడికి ఇంట్లోనే చదువు చెబుతున్నా’ అని చెప్పి చూడండి. ముందు వినపడే మాట ఇదే. హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల హోమ్‌స్కూలింగ్ చేసే తల్లిదండ్రులు ఒకరికొకరు తోడుంటారు. మనవైపు ఆ తోడు తక్కువ. పైగా మీరు ఉద్యోగం చేస్తున్నారు. అందుకే ఇష్టం ఒక్కటే చాలదు, లెక్క కూడా కుదరాలి.

పగలు ఎవరి దగ్గర?

మీరు బ్యాంకులోనో, వార్డు సచివాలయంలోనో పనిచేస్తున్నారనుకుందాం. కంభం నుంచి మార్కాపురం వచ్చిపోతుంటే రోజులో పది గంటలు అక్కడే పోతాయి. ‘ఇంక పాఠాలు ఎప్పుడు చెప్పాలి?’ అనిపిస్తుంది. నిజానికి పాఠం పెద్ద సమస్య కాదు. ప్రాథమిక తరగతుల్లో ఒక్క బిడ్డకు ఎదురుగా కూర్చుని చెబితే రోజుకు రెండు మూడు గంటలు సరిపోతాయి. ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా లెక్కలు, భాష. రాత్రి అరగంట పగలు రాసింది దిద్దడం. మిగతాది ఆదివారం.

అసలు ప్రశ్న వేరు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? అమ్మమ్మా, నాయనమ్మా, షిఫ్టు మార్చుకోగలిగిన భర్తా? ఒక మనిషిని చూపించగలిగితేనే ముందుకెళ్లండి. చేతికి ఫోనిచ్చి, బయట తాళం వేసి వెళ్లడం హోమ్‌స్కూలింగ్ కాదు. ‘చదువు చెప్పడం ఆడవాళ్ల పని’ అని భర్త తప్పుకుంటే ఆ ఇంట్లో ఇది ఎక్కువ రోజులు నడవదు. కనీసం ఒక సబ్జెక్టు ఆయనకు అప్పగించండి.

పుస్తకాలకు కొదవ లేదు

రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో పక్కపక్కనే ఉంటాయి. దీక్షా యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇక మన ప్రాంతమే పెద్ద పుస్తకం. గుండ్లకమ్మపై కట్టిన కంభం చెరువును 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తించారు. కట్ట మీద నిలబెట్టి ఆయకట్టు చూపిస్తే చరిత్ర, భూగోళం, వ్యవసాయం ఒకేచోట చెప్పొచ్చు. ఒకప్పుడు ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దింది మార్కాపురం పలకల మీదే. ఆ పలక ఎందుకు వెనకబడిందో అడిగితే అదే ఆర్థికశాస్త్రంలో మొదటి పాఠం.

ఏం వదులుకుంటున్నారు?

ఇది తెలియకుండా టీసీ తీసుకోవద్దు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని చెబుతుంది. హోమ్‌స్కూలింగ్‌కు ఇందులో ప్రత్యేకమైన గుర్తింపు లేదు. మీ బిడ్డ ‘బడి బయటి పిల్లల’ జాబితాలోకి వెళ్లొచ్చు. తల్లికి వందనం డబ్బు, మధ్యాహ్న భోజనం, పుస్తకాల కిట్టు బడిలో ఉన్నవారికే. నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే గుర్తింపు ఉన్న బడిలో ఐదో తరగతి చదువుతుండాలి. అయితే దారి మూసుకుపోదు. ఎప్పుడు తిరిగొచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెబుతోంది.

సర్టిఫికెట్ దారి

చివరికి కావాల్సింది పది పాసైన కాగితం. 14 ఏళ్లు నిండితే ఏపీ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ, జాతీయ సంస్థ ఎన్ఐఓఎస్ ద్వారా గానీ పదో తరగతి రాయొచ్చు. పది పాసై 15 నిండితే ఇంటర్. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాల్సిన పని లేదు, రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. జనన ధ్రువపత్రం, ఆధార్‌లలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. పరీక్ష ఫీజు కట్టే రోజున పరుగులు పెట్టొద్దు.

ఉద్యోగం వదలొద్దు

‘రెండేళ్లు మానేసి మళ్లీ చేరతాలే’ అనుకోకండి. చిన్న పట్టణాల్లో పోయిన ఉద్యోగం మళ్లీ దొరకడం కష్టం. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 180 రోజుల చైల్డ్‌కేర్ సెలవు ఉంది. మొత్తం ఒకేసారి వాడేయకుండా పరీక్షల రోజులకు దాచుకోండి. ప్రైవేటు ఉద్యోగమైతే సగం రోజు పనో, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనో అడిగి చూడండి. ఒప్పుకుంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి.

ముందు వేసవిలో చేసి చూడండి

బడి మాన్పించకముందే వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఇదే టైంటేబుల్ నడపండి. రోజూ ఏం చదివిందీ నోట్‌బుక్‌లో రాయండి. ఆరు వారాల తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. బిడ్డ ముందుకెళ్లిందా? ఆడుకోవడానికి తోటి పిల్లలు దొరికారా? మీకు రాత్రి ఆరు గంటల నిద్ర మిగిలిందా? మూడింటికీ ‘అవును’ అంటే ఆలోచించండి. ఒక్కదానికి ‘కాదు’ వచ్చినా జూన్‌లో బడికే పంపండి. ఉదయం గంట, ఆదివారం కంభం చెరువు మాత్రం మానకండి. ఆ గంటా ఇంటి చదువే.