బల్ల మీది కొండలకు తగిన కెమెరా

1972లో పోలరాయిడ్ సంస్థ ఎస్‌ఎక్స్-70 కెమెరాను తెచ్చినప్పుడు లోకం మెచ్చింది దాని వేగాన్ని. మీట నొక్కితే చాలు, ఫొటో బయటికొచ్చి పట్టపగటి వెలుగులోనే నిమిషాల్లో రంగు తేలేది. సంస్థ వ్యవస్థాపకుడు ఎడ్విన్ ల్యాండ్ 1947లో తక్షణ ఫొటోను ప్రదర్శించి, మరుసటి ఏడాది బోస్టన్‌లో తొలి కెమెరాను అమ్మకానికి పెట్టాక, ఇంకో పాతికేళ్లు శ్రమిస్తేగానీ ఇది సాధ్యపడలేదు. అయితే బల్ల మీద బుల్లి కొండలూ చెట్లూ కట్టి, వాటిని నిజమైన ప్రకృతి దృశ్యంలా ఫొటో తీసేవారికి ఈ యంత్రం చేసిన పెద్ద మేలు మరొకటుంది. దిద్దుబాటును అది డార్క్‌రూమ్ నుంచి బల్ల మీదికి తెచ్చింది.

పాత పోలరాయిడ్లలో కన్ను చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. దూరాన నిలబడ్డ మనిషి విషయంలో ఆ తేడా తెలియదు. జానెడు దూరంలోని బొమ్మకొండకైతే శిఖరమే తెగిపోతుంది. ఎస్‌ఎక్స్-70లో లెన్స్ చూసేదే అద్దాల గుండా కంటికి చేరుతుంది, 10.4 అంగుళాల దగ్గరికి వెళ్లినా ఫోకస్ కుదురుతుంది. చిక్కల్లా, దగ్గరైనకొద్దీ ఫోకస్ నిలిచే లోతు తగ్గిపోవడం. నిజమైన లోయలో ముందున్న పొలం, వెనకున్న కొండ రెండూ స్పష్టంగా పడతాయి. బల్ల మీద చెట్టు స్పష్టమైతే కొండ మసకబారుతుంది, ఆ మసకే గుట్టు బయటపెడుతుంది. సన్నని ఎపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, దీనికి విరుగుడు. ఈ కెమెరాలో దాన్ని మనం నేరుగా ఎంచుకోలేం కానీ, షట్టర్ రేకులు తెరుచుకుంటూ తామే ఎపర్చర్ అవుతాయి. వెలుగు దండిగా ఉంటే పూర్తిగా తెరుచుకునేలోపే పని ముగుస్తుంది. అంటే దీపం పెంచితే లోతు పెరుగుతుంది. ఆ దీపం ఒక్కటే ఉండాలి, వీలైనంత దూరాన ఉండాలి. దగ్గర పెడితే నీడలు విచ్చుకుంటాయి, సూర్యుడి నీడలు అలా పడవు. దూరపు కొండలకు పాలిపోయిన నీలం పూయాలి, ఎందుకంటే మైళ్ల గాలి చేసే పనిని బల్ల మీది గాలి చేయలేదు. నీరు అసలు లొంగదు: తలతన్యత వల్ల చుక్క మన నమూనా కొలతకు తగ్గట్టు చిన్నది కాదు, అందుకే చెరువుకు గాజో వార్నిషో మేలు. నెగటివ్ ఉంటే వీటిలో కొన్నిటిని ప్రింటులో సర్దుకోవచ్చు. ఇక్కడ నెగటివ్ చేతికి రాదు. తప్పు కనబడితే కొండనే కదపాలి.

డిజిటల్ కెమెరా ఇదంతా ఖర్చు లేకుండా చూపిస్తుంది కదా అనవచ్చు. నిజమే, నేర్చుకోవడానికి అదే సులువు. కానీ అందులో ‘తర్వాత సరిచేద్దాం’ అన్న వెసులుబాటు ఉంది. పొగమంచు, లోతు సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే దృశ్యం సగంలోనే ఆగుతుంది. పైగా పదునైన సెన్సార్ జిగురు మరకనూ ఇసుక రేణువునూ పట్టిస్తుంది, పోలరాయిడ్ ఇచ్చే 79 మిల్లీమీటర్ల మెత్తని చదరపు ఫొటో వాటిని దాస్తుంది. మసకతో పోరాటమెందుకన్నది బలమైన అభ్యంతరం. ఫొటోగ్రాఫర్ డేవిడ్ లెవింథాల్ 1980లలో బొమ్మ మనుషులతో చేసిన ‘మోడర్న్ రొమాన్స్’ ఎస్‌ఎక్స్-70 ఫొటోలకు ఆ మసకే ప్రాణం. అయితే ఏది మసకబారాలో ఆయనా మీట నొక్కకముందే తేల్చుకోవాల్సిందే. నా వాదనకు అది బలమే.

ఇక ఫిల్ము సంగతి: పోలరాయిడ్ 2008లో దాని తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోని ఎన్షెడె కర్మాగారంలో మిగిలిన యంత్రాలతో ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అనే సంస్థ 2010లో కొత్త ఫిల్ము తెచ్చింది. ఒకప్పుడు ప్యాక్‌కు పది ఫొటోలు, ఇప్పుడు ఎనిమిదే, ధరా ఎక్కువే. మొదలుపెట్టేవారు మొదటి ఫొటోను వెలుగు, లోతు సరిచూసుకోవడానికే కేటాయించండి.