ఉప్మాలో ఆవగింజ

ఆటిజం ఉన్న పిల్లల తిండి కష్టాల మీద ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ గారు అడిగాక చాలా కాగితాలు పోగయ్యాయి. వాటన్నిటిలో నన్ను వదలనిది ఒక రూళ్ల నోటుబుక్కు. సికింద్రాబాద్‌లో ఒకమ్మ తన ఏడేళ్ల కొడుకు ఏం తిన్నాడో, ఏం తినలేదో రోజూ అందులో రాస్తోంది. అట్ట నిండా పసుపు మరకలు.

ఇడ్లీ తెల్లగా ఉంటేనే తింటాడు. అంచు కాస్త రంగు తిరిగితే పక్కన పెట్టేస్తాడు. బిస్కెట్టు అదే, ప్యాకెట్టు బొమ్మ మారింది, ముట్టలేదు. ఒక రోజు ఉప్మాలో ఆవగింజ పంటి కింద పడింది, నోట్లోది మొత్తం ఉమ్మేశాడు. మర్నాడు ఉప్మా గిన్నె చూసే పారిపోయాడు. తాలింపు మనకు రుచి. వాడికి అది అన్నంలో రాయి తగిలినట్టు. ఇంకో పేజీలో, ఇడ్లీలో క్యారెట్ తురుము దాచిపెట్టిన సంగతి ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇడ్లీ కూడా మానేశాడు. ఉన్న నమ్మకమూ పోయింది.

మొదటి పేజీల్లో ‘తిన్నాడు’, ‘తినలేదు’ అన్న రెండు మాటలే ఉన్నాయి. అవి చాలవమ్మా అన్నారట ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఎంత వేడిగా ఉంది, మెత్తగా ఉందా కరకరలాడిందా, ఎలా కూర్చున్నాడు, చుట్టూ ఏం చప్పుళ్లు అన్నీ రాయమన్నారు. రాస్తూ పోతే అసలు సంగతి బయటపడింది. కుక్కర్ కూత పెట్టిన పూటలన్నీ పస్తులే. కాళ్లు నేలకు అందక కుర్చీలో వేలాడిన రోజుల్లో నిమిషాల్లోనే లేచిపోతున్నాడు. అందుకే చికిత్స పళ్లెంలో కాదు, పాదాల కింద వేసిన పీటతో మొదలైంది. ఒళ్లు నిలకడగా ఉంటేనే నమలడం మీద ధ్యాస నిలుస్తుంది. కుక్కర్ పెట్టే వేళ కూడా మార్చారు.

తర్వాత ఉప్మా దగ్గరికి వచ్చారు, చాలా నెమ్మదిగా. ముందు బొంబాయి రవ్వ ఇడ్లీ. ఆ తర్వాత తాలింపు లేని ఉప్మాను చిన్న గిన్నెతో ఇడ్లీలా బోర్లించి, వేరే పళ్లెంలో, కాస్త దూరంగా పెట్టారు. తినమని ఎవరూ అనలేదు. నానమ్మకు వడ్డించడం వాడి పని. వేలితో తాకితే చాలు, వాసన చూస్తే చాలు, నాలుకకు తగిలించి ఉమ్మేసినా తప్పు లేదు, అందుకో గిన్నె పక్కనే ఉంది. అమెరికాలో మనస్తత్వవేత్త కే టూమీ రూపొందించిన ఎస్‌ఓఎస్ పద్ధతిలో ఇలా చూసి ఓర్చుకోవడం నుంచి తినడం దాకా 32 మెట్లున్నాయి. ఆవాలు విడిగా గిన్నెలో పెట్టిన రోజున వాడే ఒకటి తీసుకుని గోటితో చిట్లించాడు. ఆ వాక్యం కింద అమ్మ రెండు గీతలు గీసింది.

ఈ కష్టం కొత్తది కాదు. 1943లో మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని వర్ణిస్తూ 11 మంది పిల్లల గురించి రాసిన తన తొలి వ్యాసంలోనే పలువురికి పసితనం నుంచీ తిండి దగ్గర ఇబ్బంది ఉందని గమనించారు. 1970ల్లో జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇంద్రియాల అనుభూతిని మెదడు ఎలా కూర్చుకుంటుందో వివరించారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఈ ఇంద్రియ సున్నితత్వాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అదే ఏడాది పాత అధ్యయనాలను కలిపి చూసినవారు, తక్కిన పిల్లల కన్నా ఆటిజం ఉన్నవారిలో తిండి సమస్యలు ఐదు రెట్లు ఎక్కువని తేల్చారు.

‘ఆకలేస్తే వాడే తింటాడు’ అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉంది. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఆకలే సరిగా తెలియదు. చేతులు పట్టి, ముక్కు మూసి కుక్కడం నాకు క్రూరంగానే కనిపిస్తుంది. ప్రేమతో చేసినా సరే. ఫోన్ చూపిస్తూ నోట్లో పెడితే కడుపు నిండుతుంది, తిండితో పరిచయం మాత్రం కాదు. కొన్ని వారాల్లో అన్నీ తినిపిస్తామనే ప్రకటనలనూ నేను నమ్మను. థెరపీ గదిలోని ఉయ్యాలలూ, ఒంటిమీద రుద్దే బ్రష్షులూ వాటంతట అవే ముద్ద మింగించవు. గోధుమ, పాలు మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నాలుగు రకాలే తినే పిల్లాడి కంచంలోంచి చపాతీ, పెరుగు తీసేస్తే మిగిలేదేమిటి?

ముందు డాక్టరుకు చూపించండి

మలబద్ధకం, పుచ్చిపళ్లు, ఆమ్లం పైకి ఎగదన్నడం తిండిని దూరం చేస్తాయి. పిల్లలు ఆ నొప్పి చెప్పలేకపోవచ్చు. తింటుంటే దగ్గు, పొలమారడం, బరువు తగ్గడం, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం వద్దు. ఏళ్ల తరబడి పండ్లూ కూరగాయలూ ముట్టని ఆటిజం పిల్లల్లో స్కర్వీ వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మింగడమే కష్టమైతే దాన్ని స్పీచ్ థెరపిస్టు పరీక్షించాలి.

ఎక్కడికి వెళ్లాలి

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం జిల్లాల్లో ప్రభుత్వ సత్వర చికిత్స కేంద్రాలు (డీఈఐసీ) ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రం ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చులకూ చోటుంది. వెళ్లేటప్పుడు పిల్లలు తినేవాటి జాబితా, బ్రాండ్ల పేర్లతో సహా, రాసుకుని వెళ్లండి.