బెరీలియం రాగి ప్రొపెల్లర్: మెత్తబరచడం, గట్టిపరచడం

తూంకుంట సమీపంలోని శామీర్‌పేట చెరువులో నడిపే నమూనా పడవకు బెరీలియం రాగి ప్రొపెల్లర్ ఉందనుకోండి. దాని రెక్కల వంపు మార్చాలంటే ముందుగా మెత్తబరచాలి. కార్బన్ ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుంది. సుమారు 2 శాతం బెరీలియం గల ఈ మిశ్రమలోహం ఇందుకు భిన్నం. దాదాపు 780 డిగ్రీల సెల్సియస్ వద్ద బెరీలియం రాగిలో కరిగి ఘన ద్రావణం ఏర్పడుతుంది. వెంటనే నీటిలో ముంచితే ఆ స్థితి నిలిచి, లోహం మెత్తగా ఉంటుంది. వంపు సరిచేశాక 315 డిగ్రీల వద్ద 2 నుంచి 3 గంటలు ఉంచాలి. అప్పుడు బెరీలియం అధికంగా గల సూక్ష్మ కణాలు విడివడి లోహాన్ని గట్టిపరుస్తాయి.

గమనిక: ఈ లోహపు ధూళి పీలిస్తే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చు. ఇంట్లో ఆకురాయితో రాయడం, సానపట్టడం చేయకండి.